పన్ను కట్టడానికి వచ్చిన క్లయింటు: గాజువాక నుంచి ఒక క్రిప్టో కేసు

“క్రిప్టో లాభం మీద ముప్పై శాతం పన్నులో సగం కట్టేశానండీ. మిగతా సగానికి బంగారం కుదువ పెడుతున్నాను. రెండూ కలిపి రిటర్నులో ఎక్కడ చూపించాలి?”

2025 మార్చి మూడో వారంలో ఆడిటర్‌నైన నన్ను నా క్లయింటు అడిగిన ప్రశ్న ఇది. మోసపోయానని చెప్పుకోవడానికి ఆయన రాలేదు, పన్ను సక్రమంగా కట్టాలని వచ్చారు. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. క్రిప్టో మోసం అనగానే అత్యాశకు పోయాడు, అయింది అంటాం. ఈ ఫైల్లో ఆశ కొద్దీ పోయినవి 22 లక్షలు. చట్టం తప్పకూడదన్న భయంతో పోయినవి 8 లక్షలు. అదే భయంతో మరో 8 లక్షల 80 వేలు పోబోతుండగా ఆగాయి. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, మొత్తాలు గుండ్రం చేశాను.

ఆయనకు 62 ఏళ్లు. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి 2023లో రిటైరయ్యారు. గాజువాకలో సొంతిల్లు. ఫారం 16లో వంద రూపాయలు తేడా కనిపించినా ఫోన్ చేసే మనిషి. రిటైర్మెంటు డబ్బులో కొంత ఫిక్సెడ్ డిపాజిట్లలో పెట్టారు, కొంత పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో రెండు ఖాతాలుగా వేసుకున్నారు. కూతురు మధురవాడలో ఫ్లాటు చూసుకుంది. డౌన్ పేమెంటులో తన వాటా ఎంతో కొంత ఉండాలన్నది ఆయన కోరిక. ప్లాంటులో జీతాలు విడతలుగా పడుతున్న రోజులవి. పాత సహోద్యోగులు ఎక్కడ కలిసినా డబ్బు మాటే.

2024 డిసెంబరు మొదటి వారంలో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. టీవీ నిండా అదే వార్త. షేర్ మార్కెట్ పాఠాలంటూ ఎవరో చేర్చిన ఒక వాట్సాప్ గ్రూపు సరిగ్గా ఆ వారంలోనే క్రిప్టో వైపు తిరిగింది. రోజూ పొద్దున ఒక ‘ప్రొఫెసర్’ పాఠం, సాయంత్రానికి సభ్యుల లాభాల స్క్రీన్‌షాట్లు. ఆ గ్రూపులో నిజమైన మనిషి ఈయనొక్కరే అయి ఉన్నా నేను ఆశ్చర్యపోను. ప్రొఫెసర్‌కు ఒక అసిస్టెంటు. ఈయనను ‘అంకుల్’ అని పిలిచేది, తెలుగులోనే రాసేది. మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగేది, సంక్రాంతికి కూతురు వచ్చిందా అని అడిగేది. డబ్బు వేయమని తానుగా ఒక్కసారి కూడా అనలేదు. ఆ చాట్ అంతా నేను చదివాను. ఓపిక మెచ్చుకోవాల్సిందే.

తెలుగు అంత చక్కగా రాసింది కాబట్టి ఎవరో మన చుట్టుపక్కల వాళ్లే అని ఆయన నమ్మకం. ఆ లెక్క ఇప్పుడు పనిచేయదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపించి, అక్కడ నిర్బంధించి, వాళ్ల చేతే సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు, ఏజెంట్లను అరెస్టు చేశారు. మన ఊరివాళ్లకే వల వేయడానికి మన ఊరి కుర్రాళ్లనే కూర్చోబెట్టే ఏర్పాటన్నమాట. ఈ కేసులో అవతల ఉన్నది ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు.

డబ్బు వెళ్లిన రెండు దారులు

మొదటి 50 వేలు యూపీఐలో వెళ్లాయి. యాప్ ప్లే స్టోర్‌లోది కాదు, లింకు పంపి దింపించారు. అందులో బిట్‌కాయిన్, ఎథీరియం ధరలు టీవీలో చెప్పేవాటితో అచ్చంగా సరిపోయేవి. ఆయన నమ్మకానికి అదే పునాది. కానీ మార్కెట్ ధర ఎవరైనా ఉచితంగా తెచ్చి తెర మీద పెట్టుకోవచ్చు. గోడ గడియారం సరైన టైము చూపిస్తోంది కదా అని ఇల్లు మనదైపోదు. ఆ తెర మీద మోసగాళ్లు సొంతంగా రాసింది ఒక్కటే, ఈయన పేరు పక్కన కనిపించే బ్యాలెన్సు.

వారం తర్వాత 12 వేలు విత్‌డ్రా పెడితే గంటలో బ్యాంకు ఖాతాలో పడ్డాయి. ఆ 12 వేల సంగతి మళ్లీ వస్తుంది.

అక్కడి నుంచి జనవరి మధ్య వరకు ఐఎంపీఎస్‌లో పంపినవి, మొదటి 50 వేలతో కలిపి, మొత్తం 9 లక్షలు. ప్రతిసారీ కొత్త ఖాతా, ఎప్పుడూ ఏదో ఒక ట్రేడర్స్ పేరు మీద. ఒక పెద్ద మొత్తం పంపినప్పుడు బ్రాంచి నుంచి ఫోన్ చేసి ఎందుకని అడిగారట. ‘ఇంటి పని’ అని చెప్పమని అసిస్టెంటు ముందే నేర్పింది, అలాగే చెప్పారు. బ్యాంకులు అడగడం మొదలయ్యేసరికి మోసగాళ్లు దారి మార్చారు. రూపాయలొద్దు, యూఎస్‌డీటీ కొని పంపండి అన్నారు.

యూఎస్‌డీటీ అంటే ఒక డాలరు విలువకు కట్టిన కాయిన్. విదేశీ ఎక్స్ఛేంజీ ఒకదాంట్లో ఈయన చేత ఖాతా తెరిపించారు. అక్కడ పీటూపీ పద్ధతిలో, అమ్మేవాడి బ్యాంకు ఖాతాకు మనం రూపాయలు పంపితే, ఎక్స్ఛేంజీ తన దగ్గర ఆపి ఉంచిన కాయిన్లను మనకు వదులుతుంది. అలా 13 లక్షల విలువైన కాయిన్లు కొని, ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌లో మోసగాళ్లు ఇచ్చిన ఒక వాలెట్ అడ్రసుకు (కాయిన్లు ఉంచుకునే ఖాతా నంబరు లాంటిది) పంపేశారు. ఎక్స్ఛేంజీ నిజమైనదే, కాయిన్లూ నిజమైనవే. మోసం ఆ చివరి అడుగులో జరిగింది. ఈ తేడా ఫిర్యాదు రాసేటప్పుడు చాలా ముఖ్యం.

పన్ను నోటీసు

ఫిబ్రవరికి యాప్‌లో 78 లక్షలు కనిపిస్తున్నాయి. పెట్టింది 22, లాభం 56. ఫ్లాటు కోసం 40 లక్షలు విత్‌డ్రా పెట్టారు. రెండు వారాలు ‘రివ్యూలో ఉంది’ అన్నారు. తర్వాత ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన మూడు సింహాల ముద్ర, కింద ఆయన పాన్ నంబరు తప్పు లేకుండా. సెక్షన్ 115బీబీహెచ్ ప్రకారం 56 లక్షల లాభం మీద 30 శాతం, అంటే 16 లక్షల 80 వేలు, మార్చి 31లోపు ‘ట్యాక్స్ సెటిల్‌మెంట్ ఖాతా’కు చెల్లిస్తేనే విత్‌డ్రా విడుదలవుతుందని సారాంశం.

ఆయన మామూలు మనిషిలా గుడ్డిగా నమ్మలేదు. సెక్షన్ నంబరు గూగుల్ చేశారు. ఆ సెక్షన్ నిజమే. 2022 ఫైనాన్స్ చట్టం తెచ్చింది, అప్పటికి అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలోది, వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం అనే ఉంది. వెతికితే దొరికిన నిజమే ఆయన్ను ముంచింది. పేపర్లో చదివిందీ, టీవీలో విన్నదీ, నోటీసులో ఉన్నదీ ఒకటే అయ్యాక ఇక అనుమానించడానికి ఏముంది? పోస్టాఫీసులో 8 లక్షల ఖాతా మూసేసి, చేతికొచ్చిన దానికి కొంచెం కలిపి 8 లక్షలు రెండు ఖాతాలకు పంపేశారు.

ఆ కాగితం మా వృత్తిలో ఉన్నవాళ్ల కంటికి వేరేలా కనిపిస్తుంది. 2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉండాలి. శాఖ పోర్టల్‌లో అది నిజమైనదో కాదో ఎవరైనా చూసుకోవచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఇందులో ఆ నంబరు లేదు. 2024-25లో వచ్చిన లాభానికి అసెస్‌మెంటు సంవత్సరం 2025-26 అవుతుంది, వీళ్లు 2024-25 అని రాశారు. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చిన సంగతి, లెక్క తక్కువ కట్టారు. నిజంగానే 56 లక్షల లాభం వచ్చి ఉంటే, ఆదాయం 50 లక్షలు దాటినందుకు 10 శాతం సర్‌చార్జి, దాని మీద 4 శాతం సెస్సు కలిపి పన్ను 19 లక్షల 20 వేల దాకా తేలుతుంది. దొంగ నోటీసు వేసినవాడికి సెస్సు సంగతి తెలియదు.

అయితే ఈ తప్పులేవీ క్లయింటుకు చెప్పి ఒప్పించగలిగేవి కావు. డిన్ లేదంటే ‘ప్రైవేటు కంపెనీ లెటరు కదండీ’ అన్నారు. సెస్సు లేదంటే ‘తర్వాత వేస్తారేమో’ అన్నారు. తాను నమ్మినదాన్ని కాపాడుకోవడానికి మనిషి ఎంత చురుగ్గా ఆలోచిస్తాడో ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఆయన లాగిన్‌తో వార్షిక సమాచార నివేదిక, అంటే పన్ను శాఖ దగ్గర ఆయన పేరు మీదున్న లావాదేవీల చిట్టా, తెరిచి చూపించాను. ఆయన పేరు మీద క్రిప్టో టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) ఎంట్రీ ఒక్కటీ లేదు. నిజానికి అది గట్టి రుజువేమీ కాదు, ఆ నివేదికలో సమాచారం ఆలస్యంగా కూడా చేరుతుంది. ఆయన కూడా అదే అన్నారు. వాలెట్ అడ్రసును ట్రాన్‌స్కాన్‌లో, అంటే ట్రాన్ లావాదేవీలు ఎవరైనా చూడగలిగే వెబ్‌సైట్‌లో, పెట్టి చూశాం. ఆయన పంపిన కాయిన్లు ప్రతిసారీ నిమిషాల్లో వేరే అడ్రసుకు వెళ్లిపోయాయి, అక్కడ నిల్వ సున్నా. ‘ట్రేడింగులో పెడతారు కదా, అక్కడే ఎందుకుంటాయి’ అన్నారు. అదీ జవాబే.

చివరికి నేను అడిగింది పోస్టాఫీసు గురించి. “ఆ ఖాతా మూసినప్పుడు ఎంత చేతికొచ్చింది?”

“7 లక్షల 88 వేలు. 12 వేలు కోశారు.”

ఏడాది దాటి రెండేళ్లు నిండని ఖాతా మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోత. 8 లక్షలకు సరిగ్గా 12 వేలు.

“ఆ 12 వేలు బయటి నుంచి తెచ్చి కట్టండి, అప్పుడే మీ 8 లక్షలు ఇస్తాం అన్నారా?”

“లేదండీ. ఇచ్చేదాంట్లోంచే కోసి ఇచ్చారు.”

“మరి వీళ్ల దగ్గర మీవి 78 లక్షలున్నాయి కదా. అందులోంచి 16 లక్షల 80 వేలు ఎందుకు కోసుకోరు?”

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ ప్రశ్నే తన ఫోన్‌లో టైపు చేసి పంపారు. ‘అంకుల్, ఆడిటర్లకి క్రిప్టో అర్థం కాదు’ అని జవాబు. మళ్లీ అడిగితే లెడ్జర్ లాక్ అయింది అన్నారు. మూడోసారి అడిగేసరికి వేరే నంబరు నుంచి ఇంగ్లీషులో బెదిరింపు: పన్ను ఎగవేత, మనీ లాండరింగ్, అరెస్టు. మోకాలి నొప్పి అడిగే గొంతు మాయమైపోయింది. నా లెక్చరు చేయలేని పని ఆ బెదిరింపు చేసింది.

మనకు రావాల్సిన డబ్బు మీద ఆదాయపు పన్ను మామూలుగా రెండు రకాలుగా వసూలవుతుంది. డబ్బు ఇచ్చేవాడు ఇచ్చేదాంట్లోంచి టీడీఎస్ కోసి మిగతాది ఇస్తాడు. లేదా మనమే శాఖ పోర్టల్‌లోని ఈ-పే ట్యాక్స్‌లో చలానా తీసి ప్రభుత్వానికి కడతాం. ఇవ్వాల్సిన డబ్బు తన దగ్గరే పెట్టుకుని, పన్ను మాత్రం విడిగా తన ఖాతాకు పంపమనే మూడో పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు.

ఫిర్యాదు

ఆయన భార్యను కూడా రమ్మన్నాం. కుదువ పెట్టాల్సిన నగలు ఆవిడవి. కూతురి ఫ్లాటుకని చెప్పి అడిగారట. విషయం అంతా విన్నాక ఆవిడ ముందు అడిగింది డబ్బు గురించి కాదు, “ఆ అమ్మాయి ఎవరు?” అని. ఆయన ముఖం చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియలేదు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ నా టేబుల్ దగ్గరి నుంచే చేయించాను. ఈ నంబరు వెనక ఒక ఏర్పాటు ఉంది. ఫిర్యాదు నమోదు కాగానే డబ్బు అందుకున్న బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. అక్కడ ఉన్నంత ఆపుతారు. ముందుకు వెళ్లిపోయిన మొత్తం ఏ బ్యాంకుకు చేరిందో ఆ బ్యాంకుకు మళ్లీ సమాచారం. డబ్బు ఎన్ని ఖాతాలు దాటితే అంత తక్కువ మిగులుతుంది. పన్ను పేరుతో పంపిన 8 లక్షలు వారం కిందటివే కావడంతో రెండో వరస ఖాతాల్లో లక్షా 40 వేలు దొరికి ఆగాయి. డిసెంబరు, జనవరిల్లో వెళ్లిన 9 లక్షల్లో ఏమీ మిగల్లేదు.

రాతపూర్వక ఫిర్యాదు దగ్గర నేను కొంచెం మొండిపట్టు పట్టాను. అందరూ చేసేది ఏమిటంటే, డబ్బు వెళ్లిన ఖాతాలన్నీ ఒకే జాబితాగా ఇచ్చి అన్నీ మోసగాళ్లవే అంటారు. ఇక్కడ అలా కుదరదు. ట్రేడర్స్ ఖాతాలకూ, ‘ట్యాక్స్’ ఖాతాలకూ వెళ్లిన 17 లక్షలు ఒక జాబితా. పీటూపీలో కాయిన్లు అమ్మినవాళ్లకు వెళ్లిన 13 లక్షలు వేరే జాబితా. ఆ అమ్మకందారులు రూపాయలు తీసుకుని కాయిన్లు ఇచ్చారు, లెక్క ప్రకారం వాళ్లతో ఈయన లావాదేవీ పూర్తయింది. వాళ్లలో దొంగ డబ్బు చలామణి చేసేవాళ్లు ఉండొచ్చు, ఏమీ తెలియనివాళ్లూ ఉండొచ్చు. అందరినీ మోసగాళ్లని రాస్తే వాళ్ల ఖాతాలు ఆగుతాయి, వాళ్లు ఆర్డర్ వివరాలు చూపించి ఎదురు తిరుగుతారు, అసలు కేసు పలచబడుతుంది. కాబట్టి ఆ 13 లక్షలకు వాలెట్ అడ్రసు, ప్రతి బదిలీ ట్రాన్సాక్షన్ హ్యాష్ (ఆ బదిలీకి బ్లాక్‌చెయిన్ ఇచ్చే గుర్తింపు నంబరు), తేదీ, సమయం విడిగా ఇచ్చాం. యూఎస్‌డీటీ విడుదల చేసే టెథర్ సంస్థకు అనుమానిత అడ్రసులను స్తంభింపజేసే వీలుంది, కాయిన్లు ఎక్స్ఛేంజీకి చేరితే అక్కడ కేవైసీ ఉంటుంది. ఏది అడగాలన్నా పోలీసుల ద్వారానే అడగాలి, హ్యాష్‌లు లేకుండా అడగడానికేమీ ఉండదు. స్క్రీన్‌షాట్లలో బ్యాలెన్సు తప్ప హ్యాష్ కనపడని ఫిర్యాదులు చాలా చూశాను.

ఎఫ్‌ఐఆర్ భారతీయ న్యాయ సంహిత 318(4), 319(2), ఐటీ చట్టం 66డీ కింద నమోదైంది. ఆగిన లక్షా 40 వేల కోసం లాయరు మేజిస్ట్రేటు కోర్టులో నాగరిక సురక్షా సంహిత 503 కింద పిటిషన్ వేశారు. ఉత్తర్వు వచ్చి డబ్బు ఖాతాలో పడటానికి నెలలు పట్టింది, కానీ పడింది. కాయిన్ల దారిలో పోలీసులు ఒక పెద్ద ఎక్స్ఛేంజీ దాకా వెళ్లి సమాచారం కోరారు. ఇది రాసేనాటికి అక్కడి నుంచి జవాబు రాలేదు.

ఆ 12 వేలు

ఏప్రిల్‌లో ఆయన పెన్షన్ పడే ఖాతా పనిచేయడం మానేసింది. వేరే రాష్ట్రం పోలీసుల నుంచి బ్యాంకుకు ఆదేశం వచ్చింది. డిసెంబరులో ‘లాభం’గా వచ్చిన 12 వేలు ఇంకెవరో బాధితుడి డబ్బు! మోసగాళ్లు తమ జేబులోంచి ఏమీ ఇవ్వరు. ఒకరి దగ్గర దోచింది ఇంకొకరికి నమ్మకం కుదరడానికి పంపిస్తారు. అవతలి బాధితుడు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు జాడ ఈయన ఖాతాకు వచ్చి ఆగింది.

పోలీసులు అడిగింది 12 వేల మీద లియన్, అంటే ఆ మొత్తం వరకు ఆపి ఉంచడం. బ్యాంకు మాత్రం ఖాతా మొత్తానికి తాళం వేసింది. ఇలాంటప్పుడు బ్యాంకులో గొడవపడి ప్రయోజనం ఉండదు. ఏ ఫిర్యాదు మీద ఆపారో దాని ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ స్టేషన్, దర్యాప్తు అధికారి ఈమెయిల్ రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాం. ఆ అధికారికి మన ఎఫ్‌ఐఆర్ కాపీ, 12 వేలు వచ్చిన తేదీ ముందూ వెనకా నెలల స్టేట్‌మెంటు, పెన్షన్ ఖాతా అన్న రుజువు జతచేసి రాశాం. ఆ 12 వేలు తిరిగి ఇవ్వడానికి అభ్యంతరం లేదని కూడా రాయించాను. కొందరు లాయర్లు ఇలా రాయొద్దంటారు. నా ఉద్దేశంలో ఆ డబ్బు ఆయనది కాదు, దాన్ని పట్టుకుని పెన్షన్ ఆపుకోవడం అర్థం లేని పని. లియన్ 12 వేలకే పరిమితం చేశారు, ఖాతా తెరుచుకుంది.

మేలో ఇంకో ఫోన్. ‘సైబర్ రికవరీ’ నుంచట. పోయిన మొత్తం, తేదీలు, యాప్ పేరు అన్నీ సరిగ్గా చెప్పాడు. 45 వేల ఫీజు కడితే మొత్తం తెప్పిస్తామన్నాడు. అన్ని వివరాలు తెలిసిన మనిషి ఆ ముఠాలోనివాడో, వాళ్ల దగ్గర జాబితా కొన్నవాడో అయి ఉంటాడు. అప్పటికి ఫోన్ ఆవిడ చేతిలో ఉంటోంది. తెప్పించాక దాంట్లోంచే కోసుకోండి అందట. అవతల లైను కట్ అయింది.

రిటర్నులో ఏమైంది

2025-26 అసెస్‌మెంటు రిటర్నులో ఆ 56 లక్షలు ఎక్కడా చూపలేదు. తెర మీద అంకె ఆదాయం కాదు. పోయిన డబ్బును నష్టంగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చా అని ఆయన అల్లుడు అడిగాడు. కుదరదు. వ్యాపారం లేని పెన్షనరుకు మోసంలో పోయిన డబ్బు మినహాయింపుగా రాదు. వర్చువల్ డిజిటల్ ఆస్తుల నష్టాన్నయితే వేరే ఏ ఆదాయంతోనూ సర్దుబాటు చేయనివ్వని సెక్షన్ ఆ 115బీబీహెచ్‌యే. ‘ట్యాక్స్’ పేరుతో కట్టిన 8 లక్షలకు పన్ను క్రెడిట్ ఊసే లేదు. ఎఫ్‌ఐఆర్, కోర్టు ఉత్తర్వు ఫైల్లో పెట్టాం, రేపు ఎవరైనా ఆ 13 లక్షల బదిలీల గురించి అడిగితే చూపించడానికి.

ఒక్క ముడి మాత్రం ఇంకా విప్పలేదు. 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సెక్షన్ 194ఎస్ ప్రకారం కాయిన్లు కొన్నందుకు డబ్బు చెల్లించేవారు అమ్మినవారికి ఇచ్చేదాంట్లో 1 శాతం టీడీఎస్ కోయాల్సి ఉండేది. ఆయన లాంటివారికి ఉన్న ఏడాదికి 50 వేల పరిమితి ఎప్పుడో దాటిపోయింది. విదేశీ ఎక్స్ఛేంజీ కోయలేదు. ఆ బాధ్యత కొన్న ఈయన మీదకే వస్తుంది, 13 లక్షలకు 13 వేలు. క్రిప్టో విషయంలో ఆయన మీద నిజంగా పడగల పన్ను పని ఇదొక్కటే, దీని గురించి ఆ ప్రొఫెసర్ ఎన్నడూ పాఠం చెప్పలేదు. దానికి 26క్యూఈ ఫారం వేయాలి. అందులో అమ్మినవారి పాన్ నంబర్లు కావాలి, మా దగ్గర ఉన్నవి వాళ్ల బ్యాంకు ఖాతా నంబర్లు, పేర్లు మాత్రమే. దర్యాప్తులో ఆ ఖాతాల కేవైసీ రికార్డు మీదికి వస్తుంది కాబట్టి, వాటి నకళ్ల కోసం లాయరు దరఖాస్తు పెట్టారు.